ఆ పెదవి ఒకసారి ఎత్తి చూడండి



నేను పశువైద్యుణ్ణి. సైఫాబాద్‌లోని ఈ ఆకాశవాణి భవనానికి నాంపల్లి కూతవేటు దూరం, దాన్ని ఆనుకునే అబిడ్స్. ఆ రెండు పేటల ఇళ్ళలో పెరిగే కుక్కపిల్లలూ పిల్లికూనలూ నా దగ్గరికి ఎక్కువగా వస్తుంటాయి. చిరాగ్ అలీ లేన్ అపార్టుమెంట్ల నుంచి, బొగ్గులకుంట పాత ఇళ్ళ నుంచి, రెడ్‌హిల్స్, మల్లేపల్లి సందుల నుంచి పసిబిడ్డల్ని తెచ్చినంత భద్రంగా తెస్తారు. టీకాలు వేయించుకుంటారు. నట్టల మందు అడుగుతారు. పెరుగన్నం పెట్టచ్చా, కోడిగుడ్డు పెట్టచ్చా అని అడుగుతారు. నోరు చూడమని మాత్రం దాదాపు ఎవరూ అడగరు. నేనే పెదవి ఎత్తి, కింది కోర అంగిట్లో గుచ్చుకుంటోందమ్మా అని చూపిస్తే, "పాలపళ్ళే కదా డాక్టర్ గారూ, ఎలాగూ ఊడిపోయేవే" అంటారు.

ఈ పూట ఆ మాట గురించే మాట్లాడదామని వచ్చాను. ఊడిపోయే పళ్ళే, నిజమే. కానీ అవి ఉన్న నాలుగైదు నెలల్లోనే దవడ పెరుగుతుంది, శాశ్వతంగా ఉండే పళ్ళు దారి వెతుక్కుంటాయి. ఆ నాలుగైదు నెలలు చూడకుండా వదిలేస్తే, చిన్న పనితో పోయేది పెద్ద ఆపరేషన్ దాకా వస్తుంది. అన్నాళ్ళూ ఆ మూగజీవి నొప్పితోనే తింటుంది, నొప్పితోనే ఆడుకుంటుంది.

రేడియోలో బొమ్మ చూపించలేను కాబట్టి మీ నోటినే ఆధారం చేసుకుంటాను. ఒకసారి పళ్ళు కలిపి నోరు మూయండి. పైవరస ముందుపళ్ళు కింది వరసకు కొంచెం ముందుగా, దాన్ని కాస్త కప్పుతూ ఉంటాయి. కుక్కకు కూడా అలాగే ఉండాలి. ఇక కోరల సంగతి. కుక్క నోరు మూసినప్పుడు కింది కోర పైకోరకు ముందు నిలవాలి. పైవరసలో చివరి ముందుపన్నుకూ పైకోరకూ నడుమ కొంత ఖాళీ ఉంటుంది. కింది కోర సరిగ్గా ఆ ఖాళీలోకి, ఇటు పన్నునూ అటు పన్నునూ తాకకుండా, చిగురును గీసుకోకుండా దూరాలి. వెనక పళ్ళు ఒకదాని సందులోకి ఒకటి వచ్చేలా అమరాలి. పిల్లికి కూడా కోరల అమరిక ఇదే. పైపళ్ళూ కిందిపళ్ళూ ఇలా కలిసే తీరునే కాటు అంటాం. ఇంతమాత్రం గుర్తుంటే ఇంట్లో మీరే చూసుకోవచ్చు. నోరు తెరిపించనక్కర్లేదు. నోరు మూసి ఉండగానే పెదవి పక్కకు ఎత్తి, ముందు నుంచి ఒకసారి, రెండు పక్కల నుంచి ఒక్కోసారి చూస్తే చాలు.

కుక్కపిల్లకు పాలపళ్ళు 28. మూడో వారం నుంచి మొలవడం మొదలై, ఆరేడు వారాలకల్లా అన్నీ కనిపిస్తాయి. పెద్ద కుక్కకు 42 పళ్ళు. పిల్లికూనకు పాలపళ్ళు 26, పెద్దయ్యాక 30. మనుషుల పిల్లలకు ఆరేళ్ళ నుంచి పన్నెండేళ్ళ దాకా సాగే పళ్ళ మార్పిడి వీటికి మూడున్నర నెలలకు మొదలై ఏడో నెల నిండేలోపు ముగిసిపోతుంది. అందుకే మనం రేపు చూద్దాం, పండగ వెళ్ళాక చూద్దాం అనుకునే లోపల చూడాల్సిన కాలం గడిచిపోతుంది.

నేను ఎక్కువగా బాధపడేది కింది కోరలు లోపలికి వాలిన పిల్లల్ని చూసినప్పుడు. కొన్నింటికి కింది దవడ పొట్టిగా ఉంటుంది, కొన్నింటికి దవడ పొడవు సరిగానే ఉన్నా కోరలు మాత్రం నాలుక వైపు నిటారుగా మొలుస్తాయి. ఏదైనా ఫలితం ఒకటే. నోరు మూసిన ప్రతిసారీ ఆ కోర మొన అంగిట్లో దిగుతుంది. పాలకోర ఎంత పదునో కుక్కపిల్లను పెంచిన వాళ్ళకు వేరే చెప్పాలా? మొదట ఎర్రటి గుంట పడుతుంది, తర్వాత పుండవుతుంది. పాలకోర స్థానంలో పెద్ద కోర కూడా అక్కడే దిగితే ఏళ్ళ మీద అంగిలికి చిల్లు పడి ముక్కులోకి దారి ఏర్పడవచ్చు. అప్పుడు తాగిన నీళ్ళు ముక్కులోంచి వస్తాయి, తుమ్ములు ఆగవు, ఒకవైపు ముక్కు నుంచి చీము కారుతుంది. జలుబు అనుకుని నెలల తరబడి మందులు వాడి, చివరికి పన్ను దగ్గర తేలిన సందర్భాలు పశువైద్యులందరికీ తెలిసినవే.

"నొప్పి ఉంటే తినదు కదా, మా వాడు గిన్నె నాకేస్తున్నాడు" అని అడుగుతారు. తింటుందండీ. ఆకలి ముందు నొప్పి ఆగదు. కుక్కా పిల్లీ నొప్పిని దాచుకునే జాతులు. అరవవు, మూలగవు. మూతి దగ్గర చెయ్యి పెడితే తల తిప్పేసుకుంటాయి. బొమ్మ నోట్లో పెట్టుకుని వెంటనే వదిలేస్తాయి. ఒకవైపే నములుతాయి. ఆడుతూ ఆడుతూ ఉన్నట్టుండి కుయ్యిమని దూరంగా వెళ్ళి కూర్చుంటాయి. పుట్టినప్పటి నుంచీ అలాగే ఉన్న పిల్లకు నొప్పి లేని నోరు ఎలా ఉంటుందో తెలియదు కూడా. ఆ పాలకోరలు తీసేసిన కొన్నాళ్ళకు ఇంటివాళ్ళు వచ్చి, ఇప్పుడెంత హుషారుగా ఉందో అని చెప్తుంటే, అంతకుముందు అది హుషారుగా లేదన్న సంగతి వాళ్ళకప్పుడే అర్థమవుతుంది.

దీనికి చేసే వైద్యం, వేళ దాటకముందు వస్తే, సులువైనదే. గుచ్చుకుంటున్న పాలకోరల్ని మత్తిచ్చి తీసేస్తాం. ఎనిమిది వారాల నుంచి పన్నెండు వారాల మధ్య అయితే మంచిది. దీనివల్ల రెండు మేళ్ళు. నొప్పి ఆ రోజే పోతుంది. రెండోది దవడ పెరుగుదలకు సంబంధించింది. పై దవడా కింది దవడా ఒకే వేగంతో పెరగవు; కొన్నాళ్ళు ఒకటి, కొన్నాళ్ళు ఇంకొకటి ముందుంటుంది. కింది కోర అంగిట్లోనో, పైకోర వెనకో చిక్కుకుని ఉంటే కింది దవడ ముందుకు పెరగాలన్నా ఆ పన్ను పెరగనివ్వదు. గడియ తీసినట్టు ఆ పన్ను తీసేస్తే దవడకు తన శక్తి మేరకు పెరిగే అవకాశం వస్తుంది. ఇక్కడ మీకు ఉన్నది ఉన్నట్టు చెప్పాలి. పుట్టుకతోనే పొట్టి దవడ రాసి ఉంటే పన్ను తీసినంత మాత్రాన అది పొడవైపోదు. అడ్డు తొలగుతుంది, అంతే. కానీ పిల్ల నొప్పి పోవడానికైనా ఆ పని చేసి తీరాలి.

పాలకోర చిన్నదిగా కనిపిస్తుంది గానీ దాని వేరు పైకి కనిపించే పన్ను కంటే చాలా పొడవు, సన్నం. ఆ వేరు పక్కనే శాశ్వత పన్ను మొగ్గ దశలో ఉంటుంది. తొందరపడి లాగితే వేరు లోపల విరుగుతుంది, లేదా ఆ మొగ్గ దెబ్బతిని రేపు వచ్చే పన్ను గుంటలు పడి వస్తుంది. అందుకే ఇది ఇంట్లో చేసుకునే పని కాదు. ఇంకో మాట కూడా గట్టిగా చెప్పాలి. గుచ్చుకుంటున్న కోర కొసను గోళ్ళు కత్తిరించే కత్తెరతో తుంచేయడం కొందరికి అలవాటు. దయచేసి చేయకండి, చేయనివ్వకండి. పన్ను లోపల నరం, రక్తం ఉంటాయి. తుంచితే అవి బయటపడతాయి, నొప్పి పదింతలవుతుంది, చీము పడుతుంది, ఆ చీము కింద ఉన్న పెద్ద పన్ను మొగ్గను కూడా పాడుచేస్తుంది.

ఇప్పుడు మన పేటల్లో ఎక్కువగా కనిపించే తెల్ల కుక్క దగ్గరికి వద్దాం. మనం పామెరేనియన్ అని పిలిచే వాటిలో చాలావరకు ఇండియన్ స్పిట్జ్ జాతివి. 1994లో వచ్చిన 'హమ్ ఆప్‌కే హై కౌన్' సినిమాలో టఫీగా కనిపించింది ఈ జాతే. మన ఎండకు అలవాటుపడిన జాతి, చిన్న ఇళ్ళలో ఒదిగిపోతుంది, గుమ్మం దగ్గర అలికిడైతే ఊరుకోదు. నాకు చాలా ఇష్టమైన కుక్క. దీనికీ, ఇలాంటి ఇతర చిన్న జాతులకూ ఉన్న ఇబ్బంది ఏమిటంటే పెద్ద కోర వచ్చేసినా పాలకోర ఊడదు. రెండూ పక్కపక్కన నిలబడతాయి. మన ఇళ్ళలో పన్ను మీద పన్ను వస్తే అదృష్టం అంటారు. ఆ నమ్మకం కుక్క దాకా కూడా వచ్చింది. నన్నే అడిగారు, అదృష్టం కదా, తీయడమెందుకని.

ఎందుకు తీయాలో చెప్తాను. కింది వరసలో పెద్ద కోర పాలకోరకు లోపలివైపు, అంటే నాలుక వైపు మొలుస్తుంది. పాలకోర ఊడితే ఆ ఖాళీలోకి జరిగి బయటికి వాలుతుంది. ఊడకపోతే లోపలే ఇరుక్కుని నేరుగా పైకి పెరిగి అంగిట్లో గుచ్చుకుంటుంది. పైవరసలో పెద్ద కోర పాలకోరకు ముందువైపు వస్తుంది. పాలకోర కదలకపోతే ఇది ఇంకా ముందుకు జరిగి, కింది కోర దూరాల్సిన ఖాళీని మింగేస్తుంది. ఇలా దవడలు చక్కగా ఉన్న కుక్క కూడా ఒక్క ఊడని పన్ను వల్ల కాటు తప్పిన కుక్క అవుతుంది. పైగా రెండు పళ్ళ సందులో తిండీ వెంట్రుకలూ ఇరుక్కుని గార పడుతుంది, చిగురు వాస్తుంది. కాబట్టి ఒకే జాగాలో ఒకే రకం పన్ను రెండు ఉండకూడదు. పెద్ద కోర చిగురు చీల్చుకుని కనిపించిందంటే పక్కనున్న పాలపన్ను కోసం ఇంక ఎదురుచూడొద్దు. అయిదో నెల, ఆరో నెలల్లో వారానికొకసారి చూసుకోండి.

2003లో హచ్ ఫోను ప్రకటనలో పిల్లవాడి వెంట నడిచిన పగ్ వచ్చాక ఆ జాతి ఊరంతా నిండింది. ఆ తర్వాత షిట్జూ వచ్చింది. వీటి కింది దవడ ముందుకొచ్చినట్టు కనిపిస్తుంది గానీ అసలు కురచైంది పై దవడ. తరతరాలుగా ముక్కు అణిగిన వాటినే ఏరి జత కట్టిస్తూ మనిషి చేసిన పని అది. దవడ కురచైనా పళ్ళ లెక్క మాత్రం 42 గానే ఉండిపోయింది. చోటు చాలక అడ్డంగా తిరుగుతాయి, ఒకదానిమీద ఒకటి ఎక్కుతాయి. కొన్ని అసలు బయటికే రావు. కింది కోర వెనక ఉండే చిన్న పన్ను చిగురులోనే ఉండిపోయిందంటే దాని చుట్టూ నీటితిత్తి ఏర్పడి, దవడ ఎముకను లోపల్నుంచి తినేయవచ్చు. పైకి ఏమీ కనిపించదు. ఏడో నెలలో పళ్ళు లెక్కపెట్టి, తక్కువున్న చోట ఎక్స్‌రే తీస్తేనే తెలుస్తుంది. పగ్‌కు ఇది మామూలే అనే మాట నేను ఒప్పుకోను. ఆ జాతికి కింది దవడ ముందుండడం మామూలే కావచ్చు, పన్ను చిగుట్లో గుచ్చుకుంటే కలిగే నొప్పి ఏ జాతికైనా ఒకటే.

అమెరికాలో కార్నెల్ విశ్వవిద్యాలయ వైద్య కళాశాలలో పనిచేసిన చార్లెస్ స్టాకార్డ్ అనే శరీరనిర్మాణ శాస్త్రజ్ఞుడు రకరకాల మూతుల కుక్కల్ని జత కట్టించి పిల్లల దవడల్ని పరిశీలించారు. ఆయన పోయాక 1941లో ఆ పరిశోధన గ్రంథంగా వచ్చింది. పై దవడ ఆకారం, కింది దవడ ఆకారం వేర్వేరుగా సంక్రమిస్తాయని ఆయన తేల్చారు. అంటే పై దవడ తల్లి పోలిక, కింది దవడ తండ్రి పోలిక రావచ్చు. పొట్టి మూతి కుక్కకూ పొడుగు మూతి కుక్కకూ పుట్టిన పిల్లను ముద్దుగా ఉందని కొనేముందు ఈ సంగతి గుర్తుపెట్టుకుని మూతి ఎత్తి చూడండి.

పిల్లుల విషయానికి వస్తే, మన దగ్గర పర్షియన్ పిల్లుల మోజు బాగా పెరిగింది. వాటిలో పైకోర ఈటెలా ముందుకు పొడుచుకుని రావడం, కింది పెదవిని గీరి పుండు చేయడం చూస్తాం. కొన్ని పిల్లులకు పైవరస వెనకపన్ను కింది చిగురును నొక్కి నొక్కి అక్కడ ఎర్రటి కండ పెరుగుతుంది; పిల్లి తిండి దగ్గరికి ఆత్రంగా వచ్చి, రెండు మెతుకులు నోట్లో పెట్టుకుని వెనక్కి వెళ్ళిపోతుంది. పుట్టుకతో కాకుండా దెబ్బ వల్ల కాటు తప్పే పిల్లులు కూడా ఎక్కువే. అబిడ్స్‌లో నాలుగో అంతస్తు, అయిదో అంతస్తు బాల్కనీల్లోంచి పావురాన్ని చూసి దూకుతాయి. పిల్లి ఎలా పడినా కాళ్ళ మీదే నిలబడుతుందంటారు. నిలబడుతుంది గానీ ఆ ఊపుకి గడ్డం నేలకు కొట్టుకుంటుంది. కింది దవడ నడిమధ్యన విడిపోతుంది, అంగిలి చీలుతుంది, ఛాతీకి దెబ్బ తగులుతుంది. పడిన పిల్లి లేచి నడిచినా సరే వెంటనే చూపించండి. బాల్కనీకి వల కట్టించడం దానికంటే తేలిక.

కొనేవాళ్ళకు చట్టం కొంత సాయం చేస్తోంది. కుక్కల పెంపకం, అమ్మకాలపై 2017లో కేంద్రం తెచ్చిన నియమాల ప్రకారం ఎనిమిది వారాలు నిండని కుక్కపిల్లను అమ్మకూడదు. కానీ బజారులో ముప్పై అయిదు రోజుల పిల్ల, నలభై రోజుల పిల్ల అని బాహాటంగానే అంటుంటారు. అంత పసిదాన్ని తల్లి నుంచి వేరుచేయడం దానికి హాని. మీకు నష్టం ఏమిటంటే, అప్పటికి పళ్ళన్నీ రాలేదు కాబట్టి కాటు ఎలా ఉందో మీకు తెలియదు. రెండు నెలలు నిండాక వెళ్ళండి. మీకు వీలైతే ఇంటికి తెచ్చుకునే ముందే ఒకసారి పశువైద్యుడికి చూపించమంటాను. పిల్లలో దోషం ఉంటే వదిలేసి రమ్మని నా ఉద్దేశం కాదు. దోషం తెలిసి తెచ్చుకుంటే, తెచ్చిన వారంలోనే దానికి చేయాల్సింది చేయవచ్చు.

ఇప్పటికే పెద్ద పళ్ళు వచ్చేసిన కుక్కలున్న వాళ్ళు నిరాశపడొద్దు. కోర కొద్దిగా మాత్రమే లోపలికి వాలి ఉంటే, నున్నటి రబ్బరు బంతితో రోజూ మూడు పూటలా కాసేపు ఆడించడం వల్ల కోరలు నెమ్మదిగా బయటికి జరగవచ్చు. బంతి మరీ చిన్నదైతే గొంతులో పడుతుంది, మరీ పెద్దదైతే ఫలితం ఉండదు. రెండు కోరల మధ్య ఎడం కంటే కాస్త పెద్దది కావాలి. ఎంతన్నది డాక్టరే కొలిచి చెప్పాలి. బొచ్చున్న టెన్నిస్ బంతి వద్దు, పన్ను అరుగుతుంది. వాలు ఎక్కువైతే పైపళ్ళకు అక్రిలిక్‌తో ఏటవాలు పలక అమర్చి, కింది కోర దానిమీద జారి బయటికి వచ్చేలా చేస్తారు. అదీ కుదరకపోతే కోర పొడవు తగ్గించి, బయటపడిన నరాన్ని మందుతో కప్పి మూసేస్తారు, లేదా పన్నే తీసేస్తారు. కోర పోతే కుక్క అందం పోతుందని దిగులుపడేవాళ్ళున్నారు. అన్నం గిన్నెలో తినే కుక్కకు నొప్పిపెట్టే కోర కంటే కోర లేని నోరే మేలు.

మత్తు అంటే భయపడతారు. రక్తపరీక్ష చేసి, బరువు చూసి, గొట్టం వేసి, ఊపిరినీ గుండెనూ గమనిస్తూ ఇచ్చే మత్తు ఈనాడు భయపడాల్సినది కాదు. మత్తు లేకుండా పట్టుకుని పళ్ళు పీకడమే భయపడాల్సిన పని. అబిడ్స్ నుంచి కింగ్‌కోఠీ మీదుగా వెళ్తే నారాయణగూడలో ప్రభుత్వ పశువైద్యశాల ఉంది. 1946లో మొదలైన మన పశువైద్య కళాశాల రాజేంద్రనగర్‌లో ఉంది, ఇప్పుడది పి.వి. నరసింహారావు పేరిట ఉన్న పశువైద్య విశ్వవిద్యాలయంలో భాగం. ఏ వైద్యుడి దగ్గరికి వెళ్ళినా, పళ్ళకు ఎక్స్‌రే తీయగలరా అని ముందే అడగండి. కుటుంబ నియంత్రణ ఆపరేషన్ ఆరేడు నెలలకు చేయించేటట్లయితే, ఊడని పాలపళ్ళు అదే మత్తులో తీయించవచ్చు. కానీ కోర అంగిట్లో గుచ్చుకుంటోందంటే మాత్రం అప్పటిదాకా ఆగకండి.

పన్ను తీయించాక కొన్నాళ్ళు మెత్తటి తిండి పెట్టండి. పళ్ళు మారే ఆ నెలల్లో గుడ్డముక్క నోట్లో పెట్టి గుంజులాట ఆడొద్దు. బిర్యానీ ఎముకలు అసలే వద్దు, పాలకోరలు విరగడానికి అవీ ఒక కారణం. టీకాలు తప్పించకండి. డిస్టెంపర్ జ్వరం వచ్చి బతికిన కుక్కపిల్లలకు పంటిపై పింగాణీ పొర గుంటలు పడి ఊడిపోవచ్చు. నాంపల్లి స్టేషను దగ్గరా, మొజంజాహీ మార్కెట్ వెనకా వీధికుక్కల పిల్లలకు రోజూ తిండి పెట్టే పుణ్యాత్ములున్నారు, వాళ్ళకూ ఇదే నా మనవి. వాటి దవడలు సాధారణంగా చక్కగానే ఉంటాయి. బండి తగిలి దవడ వంకరపోయిన పిల్ల కనిపిస్తే, ఎముక ఆ వంకరలోనే అతుక్కోకముందు ఆసుపత్రికి చేర్చండి.

జత కట్టించాలనుకునే వారితో రెండు మాటలు. మా మగకుక్క ఎంత అందంగా ఉందో చూడండి, దానికి సంబంధం చూడండి అని వస్తుంటారు. ముందు దాని నోరు చూపించమంటాను. దవడ పొట్టిదో పొడుగుదో అయితే, ఒకవైపు వంకరైతే, దానికి సంతానం వద్దంటాను. పళ్ళు సరిచేయించుకున్న కుక్క నోరు బాగానే కనిపిస్తుంది గానీ, లోపం పిల్లలకు దిగే ముప్పు మాత్రం పోదు. వైద్యం దాని నొప్పి పోగొట్టడానికి, లోపాన్ని దాచి పోటీలకు తీసుకెళ్ళడానికీ ఈతలు తీయడానికీ కాదు. ఎదుటివాళ్ళ కుక్కను చూడ్డానికి వెళ్ళినప్పుడు సర్టిఫికెట్ల కంటే ముందు దాని పెదవి ఎత్తి చూడండి, అంతకుముందు ఈతలో పుట్టిన పిల్లల పళ్ళెలా ఉన్నాయో అడగండి, కుదిరితే వెళ్ళి ఆ పిల్లల్ని కూడా చూసి రండి.